మామూలు గొడవ ఎవరికి మామూలు?

(బాన్సువాడలో చేసిన బొజ్జా తారకం స్మారకోపన్యాస పాఠం)



తారకం గారు కోనసీమలోని కందికుప్పలో పుట్టారు. 1960ల చివర్లో నిజామాబాద్ వచ్చి ప్రాక్టీసు పెట్టారు. అంబేద్కర్ యువజన సంఘం కట్టింది ఆ జిల్లాలోనే. ఎమర్జెన్సీలో జైలుకు పోయారు. హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరుగా ఉన్నప్పుడు, 1985 జూలైలో కారంచేడులో దళితుల హత్యాకాండ జరిగింది. ఆ పదవి వదిలేసి బాధితుల వైపు నడిచారు. ఆయనే 'పోలీసులు అరెస్టు చేస్తే' అని ఒక పుస్తకం రాశారు. కోర్టు మెట్లు ఎక్కని మామూలు మనిషికి తన హక్కులేమిటో చెప్పే పుస్తకం అది.

ఈ రెండు పనులూ ఒకే మనిషి చేశాడన్నది గుర్తుంచుకోండి. పోలీసుల చేతికి చిక్కిన ముద్దాయి పక్షానా ఆయనే ఉన్నాడు, చచ్చిపోయిన కూలివాడి పక్షానా ఆయనే ఉన్నాడు. నేను ఇవాళ మాట్లాడబోయే నేరంలో ఈ రెండు పక్షాలూ ఎదురెదురుగా నిలబడతాయి. ఒకరి వైపు చెబితే రెండోవాళ్ళకు అన్యాయం చేసినట్టుంటుంది. అందుకే ఈ విషయం తీసుకున్నాను.

ఆత్మహత్యకు ప్రేరేపించడం. మొన్నటి దాకా ఐపీసీ 306. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 108. నంబరు మారింది గాని సరుకు అదే. పదేళ్ళ దాకా జైలు, ఆపైన జరిమానా. వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. బెయిలు హక్కుగా రాదు. విచారణ సెషన్స్ కోర్టులోనే. ఇక్కడి మెజిస్ట్రేటు కాగితాలు చూసి పైకి పంపవలసిందే.

ప్రేరేపించడమంటే ఏమిటో పాత 107లో ఉండేది, ఇప్పుడు 45లో ఉంది. మూడు దారులు చెప్పింది చట్టం. పురికొల్పడం ఒకటి, ఆ పని కోసం చేసిన కుట్రలో చేతులు కలపడం ఇంకొకటి, తెలిసి, కావాలని సాయపడటం మూడోది. మన కేసుల్లో నూటికి తొంభై పాళ్ళు మొదటి దారిలోనే నడుస్తాయి. నడవలేక పడిపోయేదీ అక్కడే.

ఈ నేరంలో ఒక వింత ఉంది. దొంగతనానికి ప్రేరేపించినవాడిని పట్టుకుంటే పక్కనే దొంగ ఉంటాడు. ఇక్కడ అసలు పని చేసిన మనిషి లేడు. ఆ పని జరిగిపోయాక శిక్షించడానికీ ఏమీ లేదు. ప్రాణం తీసుకోబోయి బతికినవాళ్ళ మీద అప్పట్లో పెట్టే ఐపీసీ 309ని 1994లో సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు, మరైతే దానికి ప్రేరేపించడం మాత్రం నేరమెలా అవుతుందని కొందరు వాదించారు. 1996 మార్చిలో జ్ఞాన్ కౌర్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ వాదన ఒప్పుకోలేదు. చావబోయినవాడిని దయతో చూడవచ్చు, చావమని నెట్టినవాడి సంగతి వేరు, ఆ నేరం సొంత కాళ్ళ మీదే నిలబడుతుందని చెప్పింది. చచ్చిపోయే హక్కు గురించి మాట్లాడినప్పుడల్లా పండితులు ఈ తీర్పును తలుచుకుంటారు. అది మొదలైంది మాత్రం పంజాబులో ఒక కోడలి చావుతో. అప్పీలు చేసుకున్నది ఆ ఇంటి అత్తామామలు.

ఇక అసలు ప్రశ్న. ఏం రుజువు చేస్తే నేరం రుజువైనట్టు?

చనిపోయిన మనిషి ఎంత బాధపడ్డాడన్నది కొలత కాదు. బయట జనానికి మింగుడు పడనిదీ, మనం కక్షిదారులకు మొదటి రోజే చెప్పవలసిందీ ఇదే. కోర్టు చూసేది ముద్దాయి మనసును. ఈ మనిషి చావాలని, లేదా చావు తప్ప ఇంకో దారి లేని మూలకు తోయాలని అతను అనుకున్నాడా, అనుకుని ఏదైనా చేశాడా, చేసిన దానికీ చావుకీ మధ్య దగ్గర లంకె ఉందా. ఈ మూడూ కావాలి.

2001లో వచ్చిన రమేశ్ కుమార్ తీర్పు ఇందులో పాఠ్యపుస్తకం లాంటిది. కొత్తగా పెళ్ళయిన జంట. మాటా మాటా పెరిగింది. 'నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో, ఎక్కడికి పోతావో పో' అన్న అర్థంలో భర్త ఒక మాట విసిరాడు. ఆమె ప్రాణం తీసుకుంది. ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పిందేమంటే, కోపంలో నోరు జారిన మాట, ఫలితం ఇలా ఉంటుందని ఊహించకుండా అన్న మాట పురికొల్పడం కాదు. పెళ్ళయిన ఏడేళ్ళలోపు భార్య ఇలా చనిపోయి, అంతకుముందు క్రూరత్వం రుజువైతే, భర్త వైపువాళ్ళే ప్రేరేపించారని కోర్టు ఊహించవచ్చునని 1983లో సాక్ష్య చట్టంలోకి 113-ఎ వచ్చింది. కొత్త సాక్ష్య అధినియమ్‌లో అది 117. 'ఊహించవచ్చు' అన్నారే గాని 'ఊహించి తీరాలి' అనలేదని కూడా అదే తీర్పు గుర్తుచేసింది. వరకట్న మరణంలో చట్టం 'తీరాలి' అంటుంది. మన ప్రాసిక్యూటర్లు ఈ రెండింటినీ కలిపేసి వాదించి చేజేతులా కేసు పోగొట్టుకోవడం కద్దు. ఒక్క మాట మరవకండి. రమేశ్ కుమార్ 306లో బయటపడ్డాడు గాని, క్రూరత్వం కింద 498-ఎలో పడిన శిక్ష నిలిచింది. ఈ సంగతికి మళ్ళీ వస్తాను.

మరుసటి ఏడాది సంజూ సెంగర్ కేసు. 'పోయి చావు' అన్నాడని ఆరోపణ. అన్నది 1998 జూలై 25న, చావు 27న. నడుమ రెండు రోజుల ఎడం ఉందని, జగడంలో అన్న ఆ మాటకు నిజంగా చావమని అర్థం కాదని కోర్టు కేసునే కొట్టేసింది. మన ఊళ్ళలో 'సావు పో' అన్న మాట పొద్దున లేస్తే ఎన్ని నోళ్ళ నుంచి వస్తుందో లెక్కలేదు. తల్లి బిడ్డను అంటుంది, సేటు గుమస్తాను అంటాడు, ఎడ్లను కూడా అంటారు. అన్నవాళ్ళందరినీ లోపల వేయాలంటే ఈ హాల్లో ఎవరమూ మిగలం.

కాబట్టి ఈ కొలత ఉండాలి. కఠినంగానే ఉండాలి. ఎందుకంటే రెండో వైపు కూడా మనం చూసిందే. ఒకరు పోతారు. శవాన్ని తెచ్చి ఎవరింటి ముందో దించుతారు. పెద్దమనుషులు కూర్చుంటారు. ఇంత కడితే కేసు లేదు, కట్టకపోతే ఫలానా ముగ్గురి పేర్లు దరఖాస్తులో ఎక్కుతాయి. సాయంత్రానికి రేటు కుదురుతుంది, కుదరకపోతే తెల్లవారి రిమాండు. ఎస్సై కూడా మనిషే. రోడ్డు మీద జనం కూర్చుని ఉంటే 306 రాసేసి ఆ పూటకు గండం గట్టెక్కుతాడు. హర్యానాలో నరేశ్ కుమార్ అనే భర్త మీద 1993లో కేసు మొదలైంది, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో ముగిసింది. ఇందులో నేరం నిలవదని తేల్చుకోవడానికి తమకు పది నిమిషాలకు మించి పట్టలేదని రాశారు న్యాయమూర్తులు. ముప్ఫై ఏళ్ళ నడక, పది నిమిషాల విచారణ. 2025 జనవరిలో మహేంద్ర అవాసే కేసులో కోర్టు ఇంకాస్త గట్టిగా చెప్పింది. అప్పు కట్టమని అడిగిన రుణ సంస్థ ఉద్యోగి మీద ఈ సెక్షన్ పెట్టారు. దర్యాప్తు అధికారులు దీన్ని ఇష్టం వచ్చినట్టు వాడుతున్నారని, కింది కోర్టులు కూడా మనకెందుకొచ్చిందన్నట్టు యాంత్రికంగా అభియోగాలు మోపరాదని హెచ్చరించింది. 'పోలీసులు అరెస్టు చేస్తే' రాసిన మనిషి ఈ మాటలకు తల ఊపేవారనే నా నమ్మకం.

అయితే ఆయన తల అడ్డంగా ఊపే కేసు కూడా ఒకటుంది. అది మన గడ్డ నుంచే వెళ్ళింది.

గంగుల మోహన్ రెడ్డి వర్సెస్ ఆంధ్రప్రదేశ్. తీర్పు 2010 జనవరి 5న వచ్చింది. దేశంలో ఏ మూల 306 కేసు వాదించినా డిఫెన్సు వకీలు ఫైల్లో ఈ తీర్పు ఉంటుంది. ముద్దాయి చావు వైపు నెట్టే పని ఏదో ఒకటి చేసి ఉండాలని, ఆ ఉద్దేశం స్పష్టంగా కనపడాలని, ఆ పని చనిపోయినవాడికి వేరే దారి లేకుండా చేసి ఉండాలని చెప్పింది ఇందులోనే. సూత్రం బాగుంది. సూత్రం కింద ఉన్న కథ చూడండి.

మోహన్ రెడ్డి వ్యవసాయదారుడు. చనిపోయినతను ఆయన దగ్గర జీతం ఉన్న మనిషి. పనిలో పెట్టుకున్నప్పుడు 7,000 రూపాయలు ముందస్తు ఇచ్చారు. చావుకు రెండు రోజుల ముందు బంగారు నగలు పోయాయని, నువ్వే తీశావని అన్నారట. ఇచ్చిన ముందస్తు తిరిగి కట్టమని అడిగారట. ప్రాసిక్యూషన్ చెప్పింది ఇంతే. సెషన్స్ కోర్టు పదేళ్ళు వేసింది, హైకోర్టు దాన్ని అయిదుకు తగ్గించింది, సుప్రీంకోర్టు పూర్తిగా వదిలేసింది. వదిలేస్తూ అన్నదేమంటే, రోజువారీ బతుకులో వచ్చే మామూలు చిరాకులకు, పొరపొచ్చాలకు చనిపోయినతను అతిగా చలించే మనస్తత్వం ఉన్నవాడు.

ఈ 'మామూలు చిరాకులు' అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే 1993 నాటి ఓరీలాల్ జైస్వాల్ తీర్పు దాకా పోతుంది. అది బెంగాల్లో కొత్త కోడలి కేసు. అక్కడ కోర్టు మాట్లాడింది ఇంట్లో, నాలుగు గోడల మధ్య, సంసారాల్లో సహజంగా ఉండే కీచులాటల గురించి. అలాంటి వాటికే చలించిపోయే మనిషైతే ముద్దాయిని దోషిగా పట్టలేమని జాగ్రత్త చెప్పింది. చెప్పి, ఆ కేసులో మాత్రం పెళ్ళయిన మర్నాటి నుంచే హింస ఉందని నమ్మి, హైకోర్టు విడుదల చేసినవాళ్ళకు శిక్ష వేసింది. అత్తింటి గడప లోపల పుట్టిన ఆ కొలబద్ద పదహారేళ్ళకు గడప దాటింది. రెడ్డిగారి పొలానికి వచ్చి, ఆసామికీ జీతగాడికీ నడుమ జరిగిన దాన్ని కొలిచింది. నా అభ్యంతరం అక్కడ.

నిజాంసాగర్ కాలువ కింద బతికిన మనకు జీతం ఉండటమంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. ఉగాదికి మాట్లాడుకుంటారు. ముందస్తు ఇస్తారు. అది బిడ్డ పెళ్ళికో, ముసలామె దవాఖానకో ఆ వారమే అయిపోతుంది. ఆ రోజు నుంచి సంవత్సరం దాకా ఆ మనిషి కాళ్ళు ఆ పైసలకు కట్టేసి ఉంటాయి. అలాంటివాడిని పట్టుకుని 'దొంగవు నువ్వు' అని ఆసామి అంటే, ఆ మాట దొర వాకిట్లో ఆగదు. సందు తిరిగేలోగా ఊరంతా పాకుతుంది. రేపు ఇంకెవరూ పనికి పిలవరు. పోలీసులకు చెబితే ఏమవుతుందో వాడికి తెలుసు. ఇక అదే నోటితో 7,000 కట్టమంటే, ఎక్కడి నుంచి తెచ్చి కట్టాలి? ఇద్దరు సమానులు గట్టు తగాదా పడి 'దొంగవి' అనుకుంటే అది మామూలు గొడవ. ఒకరి చేతిలో ఇంకొకరి తిండి, పేరు, రేపటి పని ఉన్నప్పుడు అదే మాట మామూలు కాదు.

ముద్దాయికి ఉద్దేశం ఉందని తేలలేదు కనుక వదిలేశామని తీర్పు అక్కడితో ఆగి ఉంటే నాకు పేచీ లేదు. బహుశా ఆ సాక్ష్యంతో నేను కూర్చున్నా వదిలేసేవాణ్ణే. చనిపోయినవాడి మనసు బలహీనమైనదని ఇంకో వాక్యం రాయడం ఎందుకు? ఆ వాక్యం అవసరం లేదు. పైగా ఆ వాక్యమే ఇప్పుడు ఊరూరా తిరుగుతోంది. ఒక్కో మనిషి ఒక్కో రకంగా చలిస్తాడని కోర్టే అంటుంది. అలాంటప్పుడు ఏది మామూలు, ఏది అతి అనేది ఎవరి గడప నుంచి చూసి తేలుస్తున్నామో అడగాలి.

ఇలా అడగడానికి ఆధారం సుప్రీంకోర్టే ఇచ్చింది. 2019 జూలైలో ఉదే సింగ్ కేసు. హర్యానాలో ఒక చిన్న పిల్లను వరసలు పెట్టి పిలుస్తూ, పదిమందిలో ఆట పట్టిస్తూ, ఆపమన్నా ఆపకుండా కొనసాగించారు. ఎవరూ ఆమెను చావమనలేదు. అయినా శిక్ష నిలిచింది. ఒక మాట విడిగా చూస్తే ఏమీ లేకపోవచ్చు, కానీ ఎడతెగని చేతలన్నీ కలిపి ఆ మనిషి చుట్టూ ఏ పరిస్థితి కల్పించాయో చూడాలి, చనిపోయినవాళ్ళ ఆత్మగౌరవాన్ని ముక్కలు చేసే పని జరిగిందా చూడాలి అని ఆ తీర్పు చెబుతుంది. గంగుల కేసును ఎదుటివాళ్ళు చూపినప్పుడు మన ప్రాసిక్యూటర్లు ఉదే సింగ్ తీసి చూపాలి. రెండూ ఇద్దరేసి న్యాయమూర్తుల తీర్పులే. ఏది పెద్దదన్న తగవు లేదు, ఏ కథకు ఏది అతుకుతుందన్నదే తగవు.

పెద్ద కోర్టుల సంగతి ఇంతటితో వదిలేసి స్టేషను దగ్గరికి వస్తాను. 306 కేసులు ఢిల్లీలో ఓడిపోవు. ఓడిపోయేది మొదటి రోజు, మొదటి కాగితంలో.

ఊహకు ఒక తల్లిని తీసుకోండి. కొడుకు పోయాడు. ఏరియా దవాఖాన మార్చురీ బయట కూర్చుని చుట్టాలకు చెబుతోంది: "మొన్న అంగడినాడు పదిమంది ముంగట కాలరు పట్టిండు. పైసలు లేకుంటే నీ పెండ్లాన్ని నా ఇంట్ల పనికి తోలు అన్నడు. రాత్రి బువ్వ తినలే. తెల్లారి మళ్ల ఇద్దరు బండి మీద ఇంటికాడికొచ్చిండ్రు. వాళ్లు పోయినంక గంటసేపు గూడ లేడు." ఇందులో ఏముందో చూడండి. రోజు ఉంది, చోటు ఉంది, సాక్షులు ఉన్నారు. అన్న మాట అన్నట్టుగా ఉంది. ఒకసారి కాదు రెండుసార్లు అని ఉంది. చేతకూ చావుకూ ఎడం గంట అని ఉంది. సుప్రీంకోర్టు పాతికేళ్ళుగా అడుగుతున్నవన్నీ ఆ అయిదారు వాక్యాల్లో ఉన్నాయి.

ఇప్పుడు అదే తల్లి వేలిముద్ర వేసిన దరఖాస్తు చదవండి. స్టేషను ఎదుటి జిరాక్సు షాపులో తయారైంది. "...పై వ్యక్తులు నా కుమారుడిని మానసికంగా, శారీరకంగా వేధింపులకు గురిచేయగా, తీవ్ర మనస్తాపం చెంది, జీవితంపై విరక్తితో ఆత్మహత్య చేసుకున్నాడు. కావున తమరు చట్టరీత్యా చర్య తీసుకోగలరని మనవి." అంతే. అంగడి పోయింది, కాలరు పోయింది, బండి మీద వచ్చిన ఇద్దరు పోయారు. మిగిలింది విరక్తి. విరక్తికి సాక్షులుండరు. ఆ తర్వాత సాక్షుల వాంగ్మూలాలు నలుగురివీ ఒకే అచ్చులో పోసినట్టు వస్తాయి, కామాలతో సహా. మూడేళ్ళకు ఆమె బోనెక్కి, కాలరు పట్టిన సంగతి చెప్తుంది. డిఫెన్సు వకీలు లేచి, ఈ ముక్క మొదటి ఫిర్యాదులో చెప్పావా, పోలీసులకు చెప్పావా అని అడుగుతాడు. చెప్పానయ్యా అంటుంది. కాగితంలో లేదు. ముఖ్యమైన విషయం వదిలేయడమంటే వైరుధ్యం కిందే లెక్క. కేసు అక్కడే పోయింది. ఇందులో డిఫెన్సు వకీలు తప్పేమీ లేదు. ఆయన స్థానంలో నేనున్నా అదే అడుగుతాను.

నా జూనియర్లకు నేను చెప్పేది ఒకటే. దరఖాస్తు మీరు రాయవలసి వస్తే 'వేధింపు' అన్న మాట వాడకండి. అది లేకుండా రాయలేకపోతే మీకు ఇంకా ఏం జరిగిందో తెలియలేదన్నమాట, వెళ్ళి మళ్ళీ అడగండి. ఆమె మాట ఆమె యాసలోనే రాయండి. జడ్జిగారికి అర్థమవుతుంది.

చావుకు ముందు రాసిన చీటీ, ఇప్పుడైతే సెల్‌ఫోన్ వీడియో, చూపి ఇంతకన్నా రుజువేం కావాలని అడుగుతారు జనం. 2022 ఏప్రిల్‌లో మన కామారెడ్డిలోనే, ఒక లాడ్జిలో, రామాయంపేటకు చెందిన తల్లీకొడుకులు పోయారు. ఏడుగురి పేర్లు చెప్పిన వీడియో బయటికొచ్చింది. అందులో ప్రజాప్రతినిధి ఉన్నాడు, పోలీసు అధికారి ఉన్నాడు. అదే ఏడాది జనవరిలో పాల్వంచలో ఒక కుటుంబం. అక్కడా వీడియోనే. ఇలాంటి మాట సాక్ష్యంగా చెల్లుతుందా? చెల్లుతుంది. ఇంగ్లండు పాత చట్టంలో మరణ వాంగ్మూలం చెల్లాలంటే చెప్పేవాడికి తాను పోతున్నానన్న తెలివిడి ఉండాలనేవారు. మన చట్టంలో అక్కరలేదు. ఆ తేడాను తేల్చిన కేసు తెలుగువాళ్ళదే. పాకాల నారాయణస్వామి కేసులో 1939 జనవరిలో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. పిఠాపురం దివాను కొలువులో పనిచేసిన ఒక బంట్రోతు తనకు రావలసిన బాకీ కోసం బరంపురం వెళుతున్నానని భార్యకు చెప్పి రైలెక్కాడు. 1937 మార్చిలో పూరీలో, రైలు పెట్టెలో ఉన్న ట్రంకులో శవమై దొరికాడు. భార్యతో చెప్పిన ఆ మాట చావుకు దారితీసిన సందర్భంలో భాగమని లార్డ్ అట్కిన్ ఒప్పుకున్నాడు. 1984లో శారదా కేసులో పెళ్ళికూతురు తోబుట్టువుకు రాసిన ఉత్తరాల దాకా సుప్రీంకోర్టు ఆ గీతను సాగదీసింది. ఇప్పుడు అది కొత్త సాక్ష్య చట్టం 26లో ఉంది.

అయితే చెల్లడం వేరు, చాలడం వేరు. 'నా చావుకు ఫలానావాడు కారణం' అని రాసిన చీటీ చనిపోయినవాడి అభిప్రాయాన్ని చెబుతుంది. ముద్దాయి ఏం చేశాడో చెప్పదు. పేరు రాశారు కనుక నేరమైపోదు. పేరు రాయలేదు కనుక నేరం లేదనీ కాదు. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. ఆయన లేఖలో తన చావుకు ఎవరూ బాధ్యులు కారన్న అర్థం వచ్చే మాటలున్నాయి. గచ్చిబౌలి పోలీసులు వైస్ చాన్సలర్ మీద, కేంద్ర మంత్రి మీద, మరికొందరి మీద 306తో, అట్రాసిటీ చట్టంతో కేసు కట్టారు. ఆధారాల్లేవని పోలీసులు ఇచ్చిన ముగింపు నివేదిక 2024 మే నెలలో బయటపడింది. వెంటనే గోల లేచింది, తిరిగి దర్యాప్తు చేస్తామని డీజీపీ ప్రకటించవలసి వచ్చింది. ఆ నివేదికలో ఎక్కువ పేజీలు రోహిత్ కులం ఏదన్న దాని చుట్టూ తిరిగాయి. ప్రేరేపణ జరిగిందా అని చూడవలసినవాళ్ళు చనిపోయినవాడి సర్టిఫికెట్టును విచారించారు. హాస్టలు నుంచి వెలివేత, ఫెలోషిప్పు ఆగిపోవడం, ఉత్తరాల మీద ఉత్తరాలు, ఇవన్నీ ఒక వరసలో పెట్టి ఉదే సింగ్ కొలబద్దతో కొలిచి, ఆ తర్వాత చాలదని చెప్పి ఉంటే అది వేరే సంగతి.

సంస్థలు, ఫైళ్ళు, మాస్టర్ ప్లాన్లు మనుషుల్ని మూలకు తోస్తే ఈ సెక్షన్ చేతికి ఏదీ చిక్కదు. 2023 జనవరిలో మాస్టర్ ప్లాన్ గొడవలో అడ్లూర్ ఎల్లారెడ్డి రైతు చనిపోయినప్పుడు కామారెడ్డి కలెక్టరేట్ ముందు కూర్చున్నవాళ్ళందరికీ అది అర్థమైంది. అక్కడ పనిచేసింది పోరాటం, మున్సిపాలిటీ వెనక్కి తగ్గి చేసిన తీర్మానం. నేర చట్టం కాదు.

ఇక అప్పుల సంగతి. వెనక వరసల్లో కూర్చున్న బీడీ కార్మిక అక్కలు దీని కోసమే వచ్చారని నాకు తెలుసు. ఇచ్చిన అప్పు అడగడం నేరం కాదు. గట్టిగా అడిగినా కాదు. 2018 డిసెంబరులో అర్జునన్ కేసులో, అప్పిచ్చినవాడు బూతులు తిట్టాడని తేలినా అది ఒక్కటే చాలదన్నారు. 2010లో మైక్రోఫైనాన్స్ వాళ్ళు ఊళ్ళ మీద పడ్డప్పుడు మన దగ్గర ఏం జరిగిందో గుర్తుందిగా. వారం వారం కిస్తీ. ఒకామె కట్టకపోతే గ్రూపులో మిగతావాళ్ళందరినీ ఆమె వాకిట్లో కూర్చోబెట్టేవారు. తిట్టేది కంపెనీ మనిషి కాదు, పక్కింటి ఆమె. పురికొల్పింది ఎవరని అడిగితే ఎవరి పేరు రాస్తాం? 306తో ఆ ముడి విప్పలేమని అప్పటి ప్రభుత్వానికి తెలిసినట్టుంది. ఆ అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చి, 2011లో చట్టం చేసి, బలవంతపు వసూలునే విడి నేరం చేసింది. ఎవరైనా చచ్చేదాకా ఆగనక్కరలేదు, ఎవరి మనసులో ఏముందో తవ్వనక్కరలేదు. వాకిట్లో కూర్చుంటే చాలు, నేరం. ఆర్‌బీఐ దగ్గర నమోదైన సంస్థలకు అది వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పడంతో దాని కోరలు ఊడాయి గాని, ఆ ఆలోచన సరైనది. (ఇంట్లో ఎవరి మాట తీరు చూసినా మీకు భయమనిపిస్తే కోర్టు దాకా ఆగకండి, 14416కు ఫోన్ చేయండి. టెలి-మానస్. తెలుగులోనే మాట్లాడతారు, పైసలు పడవు.)

ఇందాక రమేశ్ కుమార్ సంగతికి మళ్ళీ వస్తానన్నాను. 306 పోయినా 498-ఎ నిలిచింది, ఎందుకంటే ఆ అభియోగం కూడా పక్కనే ఉంది. గంగుల కేసులో 306 పోయాక ఏమీ మిగలలేదు. మన ఛార్జిషీట్ల రోగం ఇదే. అతి పెద్ద సెక్షన్ ఒకటి పెట్టి, భారమంతా దాని మీదే వేసి, అది కూలితే చేతులు దులుపుకోవడం. కాలరు పట్టింది, బెదిరించింది, ఆడమనిషిని అవమానించింది, కులం పేరుతో తిట్టింది, వీటికి వేటికవే సెక్షన్లున్నాయి. వీటిలో దేనికీ చావాలనే ఉద్దేశం రుజువు చేయనక్కరలేదు. కోర్టు 108ని కొట్టేసినా ఇవి నిలబడతాయి. ముద్దాయి పక్షాన చూసినా ఇది న్యాయమే. చేసిన పనికి తగ్గ సెక్షన్, దానికి తగ్గ శిక్ష. రెండేళ్ళ నేరానికి పదేళ్ళ కత్తి మెడ మీద వేలాడదు.

జీతగాడి విషయంలో అయితే ఇంకో చట్టం ఉంది, మనం మరిచినది. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం. ముందస్తు ఇచ్చి, అది తీరేదాకా మనిషిని కదలనివ్వకుండా పని చేయించుకుంటే అది వెట్టి. ఆ బాకీ ఆ చట్టంతోనే రద్దు. రద్దయిన బాకీ కట్టమని ఒత్తిడి తెచ్చేవాడు తన హక్కు అడుగుతున్నట్టు కాదు. అలా చూస్తే 7,000 తిరిగి ఇవ్వమనడం మామూలు చిరాకు ఎలా అవుతుందో నాకు తెలియదు. ముందస్తు మీద జీతం ఉన్న మనిషి చనిపోయిన ప్రతి కేసులో ఈ చట్టం కూడా పక్కన పెట్టుకుని దర్యాప్తు చేయాలన్నది నా వాదన. బాకీ నిజంగా వెట్టి బాకీ అవునో కాదో రెవెన్యూ వాళ్ళు తేల్చాలి, అది తేలిన కాగితం ఛార్జిషీటుకు జత కావాలి. అప్పుడు ఆ బాకీ పేరుతో చేసిన ఒత్తిడిని కోర్టు ముందు న్యాయమైన వసూలుగా చూపడానికి వీలుండదు.

ఆ చట్టం 13వ సెక్షన్ ప్రకారం జిల్లాకొకటి, సబ్‌డివిజన్‌కొకటి నిఘా కమిటీ ఉండాలి. అందులో ఎస్సీ, ఎస్టీ సభ్యులుండాలి. బాన్సువాడ రెవెన్యూ డివిజన్. మన కమిటీలో ఎవరున్నారో, ఎప్పుడు కూర్చున్నారో చెప్పమని సమాచార హక్కు కింద ఆర్డీవో ఆఫీసులో రేపే ఒక దరఖాస్తు పెడదాం. నేను రాసి తెచ్చాను. సంతకాలు కావాలి.